ఖాళీ ఉన్నా సరిగ్గా నా పక్కకే ఎందుకొస్తారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. పొద్దున్నే నాగోల్‌లో మెట్రో ఎక్కుతాను. బోగీ సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది, అయినా ఎవరో ఒకరు వచ్చి నా పక్కనే కూర్చుంటారు. ఏటీఎం దగ్గరా, మందుల షాపులోనూ అంతే, వెనకాయన ఊపిరి నా మెడకి తగులుతుంటుంది. గుండె దడ, చిరాకు. మా ఆవిడేమో ‘మీకే ఎక్కడలేని పట్టింపు’ అంటుంది. వాళ్లకి ఇంగితం లేదా, నాకేమైనా జబ్బా? – ఓ పాఠకుడు, హైదరాబాద్

డాక్టర్ సలహా: చాలామటుకు ఇది జబ్బు కాదండీ. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిమ్మళంగా చదువుకుంటారు. వాళ్లకి ఇంగితం లేదా అన్నదానికి మాత్రం జవాబు కొంచెం పొడుగు.

మా క్లినిక్ హాల్లో 18 కుర్చీలున్నాయి. పొద్దున మొదట వచ్చినాయన ఒక మూల కూర్చుంటారు. రెండో ఆయన వచ్చి హాలంతా ఓసారి కలయజూసి, నేరుగా వెళ్లి మొదటాయన పక్క కుర్చీలోనే చతికిలబడతారు. ఇదేం అలవాటురా బాబూ అని నేనూ మీలాగే అనుకునేవాణ్ణి. చాలా రోజులకి తెలిసిందేమిటంటే ఆయన చూసుకున్నది మనిషిని కాదు, ఫ్యానుని. ఇంకొకాయనకి కావాల్సింది పేరు పిలిస్తే వినపడే చోటు. మీ మెట్రోలోనూ అంతే అయ్యుండొచ్చు, అమీర్‌పేటలో రైలు మారేవాళ్లు ఏ తలుపు దగ్గర దిగితే ఎస్కలేటర్ దగ్గరో లెక్కచూసుకుని మరీ ఎక్కుతారు, ఆ తలుపు పక్కన మీరుంటే మీ పక్కన చేరతారు. మీరు కూడా అదే లెక్కతో అక్కడ కూర్చుని ఉంటారు, కాదంటారా?

క్యూ సంగతి వేరు. మన దగ్గర ముందున్నాయనకీ మనకీ మధ్య రెండడుగులు వదిలితే దాన్ని మర్యాద అనుకోరు, ‘మీరు లైన్లో ఉన్నారా?’ అని అడుగుతారు. అడగనివాడు దూరిపోతాడు. చిన్నప్పటి నుంచీ రేషన్ షాపులో, బస్సు మెట్ల దగ్గర, టికెట్ కౌంటర్ దగ్గర చోటు పోగొట్టుకుని పోగొట్టుకుని ఆ సందు కనపడకుండా నింపేయడం ఒంటికి అలవాటైపోయింది, వెనక ఎవరూ లేకపోయినా సరే. 2020లో కిరాణా కొట్ల ముందు గుండ్రాలు గీస్తే బుద్ధిగా వాటిల్లోనే నిలబడ్డాం. గీతలు చెరిగిపోయాయి, మనం మళ్లీ మొదటికొచ్చాం.

ఇక మీ దడ గురించి. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1960ల్లోనే మనిషి చుట్టూ ఉండే దూరాలకి లెక్కలు కట్టాడు. సుమారు 18 అంగుళాల లోపలికి బాగా దగ్గరివాళ్లనే రానిస్తామన్నాడు. అది అమెరికావాళ్ల కొలత, అన్ని చోట్లా ఒకటే కాదు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 42 దేశాల్లో దాదాపు 9 వేల మందిని అడిగితే అర్జెంటీనావాళ్లు కొత్తవాళ్లని బాగా దగ్గరికి రానిచ్చారు, రొమేనియావాళ్లు దూరంగా ఉంచారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో కూడా ఈ గీత ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది. మీ ఆవిడ గీత దగ్గరగా ఉంది, మీది కాస్త దూరంగా ఉంది, అంతే.

ఆ గీతకి కాపలా కాసేది మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా. అది రెండు వైపులా దెబ్బతిన్న ఒక మహిళని అమెరికాలో పరీక్షించి 2009లో ఆ వివరాలు ప్రచురించారు. ఎదుటివాళ్లకి ఎంత దగ్గర దాకా నడిస్తే హాయిగా ఉంటుందని అడిగితే ఆవిడ 34 సెంటీమీటర్ల దాకా వెళ్లిపోయింది, మామూలువాళ్లు సగటున దాదాపు అంతకి రెట్టింపు దూరంలోనే ఆగారు; ఆవిడైతే, ముక్కుకి ముక్కు తగిలేలా నిలబడినా ఇబ్బందేమీ లేదంది. అంటే మీకు దడ వస్తోందంటే మీ కాపలావాడు డ్యూటీలో ఉన్నాడన్నమాట, కాకపోతే కాస్త ఎక్కువ అరుస్తున్నాడు. న్యూయార్క్‌కి రైల్లో వెళ్లొచ్చే ఉద్యోగుల మీద 2007లో వచ్చిన అధ్యయనం మీకు బాగా నచ్చుతుంది. బోగీలో ఎంతమంది ఉన్నారన్నదాని కంటే, పక్కపక్క సీట్లలో ఎంత ఇరుకుగా కూర్చున్నారన్నదాన్ని బట్టే లాలాజలంలో కార్టిసాల్, అంటే టెన్షన్ హార్మోను, ఎక్కువగా కనపడింది. ఇది మీ ఆవిడకి చూపించండి, నా పేరు మాత్రం చెప్పకండి.

జనం అంత దగ్గరికి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది, డాక్టరుగా నాకు ముఖ్యమైంది అదే. మొన్నొక పెద్దాయన కుర్చీ లాక్కుని నా మోకాళ్లకి ఆయన మోకాళ్లు తగిలేంత దగ్గరికి వచ్చి కూర్చున్నారు. నేను కుర్చీ వెనక్కి జరిపాను, ఆయన తన కుర్చీ ముందుకి జరిపారు. చూస్తే ఆయన కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. కుడి చెవి దాదాపు వినపడదు, ఎడమది అంతంతమాత్రం, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి మీదకొచ్చి నిలబడే ముసలాయన్ని కసురుకునే ముందు వినికిడి లోపమో, కంట్లో శుక్లాలో ఉండొచ్చని కూడా గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లోనే యాభై దాటినవాళ్లు కొత్తగా, ఇదివరకు లేని విధంగా పరాయివాళ్ల మీద మీదకి వెళ్తూ, మాటతీరు కూడా మారితే న్యూరాలజిస్టుకి చూపించండి, కొన్ని రకాల డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, అలా మొదలవుతుంది.

ఇదంతా అమాయకంగా దగ్గరికొచ్చేవాళ్ల గురించి. చోటున్నా కావాలని ఒరుసుకునేవాడి సంగతి వేరే, ఆడవాళ్లు అక్కడ సర్దుకుపోనక్కర్లేదు, గట్టిగా అరవండి, 112కి ఫోన్ చేయండి, పోలీసుల షీ టీమ్స్ ఉన్నది అందుకే.

మీరు చేయాల్సింది తక్కువే. మెట్రోలో వరస చివరి సీటు పట్టుకోండి, ఒక పక్కన్నా గోడ ఉంటుంది. క్యూలో వెనకవాళ్లకి వీపు చూపించకుండా కాస్త పక్కకి తిరిగి నిలబడండి, నా అనుభవంలో మొహం కనపడితే జనం వాళ్లంతట వాళ్లే అరడుగు తగ్గుతారు. తగ్గకపోతే ‘కొంచెం జరుగుతారా అండీ’ అనండి, పళ్లు కొరుక్కుంటూ కాదు, మామూలుగా. దడ మొదలైతే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదలండి, రెండు మూడు నిమిషాలు చాలు.

ఒక్కటి మీరు రాయలేదు. ఈ చిరాకు చిన్నప్పటి నుంచీ ఉందా, ఈ మధ్యే మొదలైందా? ఈ మధ్యే అయితే నిద్ర, టీ కాఫీలు ఓసారి చూసుకోండి, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా దడ, చిరాకు, చేతుల వణుకు ఉంటాయి. దడతో పాటు ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. రిపోర్టులన్నీ బాగానే ఉండి, మెట్రో మానేసి బండి మీద వెళ్లడమో, పెళ్లిళ్లూ షాపులూ ఎగ్గొట్టడమో మొదలైతే మాత్రం సైకియాట్రిస్టుని కలవండి. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే కొన్నాళ్లు మందులతో బాగా తగ్గేదే.