బీచ్ రోడ్డు టైమ్ ట్రయల్: 60 వేలలో ముందు ఏం కొనాలి?

మీ ప్రశ్న ఇదీ: విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలికి, సుమారు 24 కిలోమీటర్లు, ఒంటరిగా తొక్కితే 45 నిమిషాలు పడుతోంది. ఉన్నది అల్యూమినియం రోడ్ బైక్, 25 ఎంఎం టైర్లు. చేతిలో 60 వేలు. రిమ్ము 50 ఎంఎం లోతున్న కార్బన్ వీల్స్ కొనాలా, క్లిప్-ఆన్ ఏరోబార్లు (మోచేతులు ఆన్చి ముందుకి వంగి తొక్కడానికి హ్యాండిల్‌కి బిగించే బార్లు) బిగించాలా, లేక సెకండ్ హ్యాండ్ టీటీ బైక్ (టైమ్ ట్రయల్‌కి, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కడానికి చేసిన సైకిల్) చూసుకోవాలా?

నా జవాబు: ముందు క్లిప్-ఆన్లు, తర్వాత మంచి టైర్లు, ఆ తర్వాత ఒంటికి అతుక్కునే బట్టలు. వీల్స్ ఆఖరున, అదీ డబ్బు మిగిలితేనే. షాపులో వినే మాటకన్నా లెక్క మేలు కాబట్టి లెక్కే చూద్దాం.

24 కిలోమీటర్లు 45 నిమిషాల్లో అంటే గంటకి 32. మనిషి, సైకిలు, నీళ్ల సీసా కలిపి 82 కిలోలు అనుకోండి. గాలి కదలని రోజున, చదును రోడ్డు మీద ఆ వేగానికి సుమారు 200 వాట్లు కావాలి. అందులో 150 పైచిలుకు గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతాయి. 40 చిల్లర టైర్లు మింగుతాయి. చైనూ బేరింగులూ ఐదారు వాట్లు తింటాయి. గాలికి పోయే ఆ 150లో ముప్పాతిక భాగం మీ ఒంటి వల్లే, సైకిల్ వల్ల కాదు.

గాలికి మనం ఎంత అడ్డుపడుతున్నామో చెప్పే అంకెని సీడీఏ అంటారు. హుడ్స్ (బ్రేకు లివర్ల పైభాగం) మీద చేతులు పెట్టి తొక్కేవాళ్లకి అది 0.38 చదరపు మీటర్ల దగ్గర ఉంటుంది. ఏరోబార్ల మీద మోచేతులు దగ్గరికి చేర్చి వంగితే, పెద్ద సర్కస్ ఏమీ చేయకుండానే 0.30కి వస్తుంది. అవే 200 వాట్లకి వేగం 34 దాటుతుంది, 45 నిమిషాలు 42కి దిగుతాయి. టైర్లు, ట్యూబులు బాగుంటే ఇంకో నిమిషం. 50 ఎంఎం వీల్స్ ఈ వేగంలో మిగిల్చేది మూడు నాలుగు వాట్లు, అంటే పావు నిమిషం, మహా అయితే 20 సెకన్లు. సైకిల్ బరువు కిలో తగ్గిస్తే చదును రోడ్డు మీద మూడు సెకన్లు కూడా రావు. బరువు గురించి ఇక ఆలోచించకండి.

1989 టూర్ ద ఫ్రాన్స్ ఆఖరి రోజు టైమ్ ట్రయల్ 24.5 కిలోమీటర్లు, దాదాపు మన భీమిలి దూరమే. 50 సెకన్లు వెనకబడి మొదలుపెట్టిన గ్రెగ్ లెమాండ్ ఏరోబార్లతో తొక్కి, మామూలు కొమ్ముల బార్ పట్టుకున్న లోరాన్ ఫిన్యోన్ చేతిలోంచి టూర్‌ని మొత్తం మీద 8 సెకన్ల తేడాతో లాక్కున్నాడు. ఆ రోజు వెనకగాలి కూడా కలిసొచ్చింది, అయితే అది ఇద్దరికీ వీచిన గాలే.

గాలి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో, వానాకాలంలో నైరుతి గాలి భీమిలి వెళ్లేవాళ్లని వెనకనుంచి తోస్తుంది. నవంబరు, డిసెంబరులో ఈశాన్య గాలి ఎదురు తగులుతుంది. సెకనుకి 3 మీటర్ల గాలి ఉంటే చాలు, అదే 200 వాట్లకి వెళ్లేటప్పుడు 37 నిమిషాలు, వచ్చేటప్పుడు 56 అవుతాయి. కాబట్టి మీ 45 ఏ నెలలో, ఏ గాలిలో వచ్చిందో తెలియకుండా దానిమీద ఏ అంచనా వేయలేం. రానూపోనూ కలిపి టైమ్ రాసుకోండి. అప్పుడు కూడా గాలి ఉన్న రోజు మొత్తం ఎక్కువే అవుతుంది (ఈ లెక్కలో 90కి బదులు 93), ఎందుకంటే ఎదురుగాలిలో ఇరుక్కునే సమయమే ఎక్కువ. ఫోన్‌లో చూపించే గాలి వేగం 10 మీటర్ల ఎత్తులోది, సైకిల్ ఎత్తులో అంత ఉండదు.

ఇప్పుడు క్లిప్-ఆన్లు. కొనేముందు మీ హ్యాండిల్ బార్ చూడండి. స్టెమ్‌కి (హ్యాండిల్‌ని సైకిల్‌కి పట్టి ఉంచే ముక్క) రెండు పక్కలా 31.8 ఎంఎం గుండ్రటి భాగం, క్లాంప్ పూర్తిగా కూర్చునేంత ఉండాలి. పైభాగం బల్లపరుపుగా ఉండే హ్యాండిల్ బార్లకి క్లిప్-ఆన్లు పట్టవు. కార్బన్ బార్ అయితే క్లిప్-ఆన్లకి అనుమతి ఉందని తయారీదారు రాసి ఉంటే తప్ప బిగించకండి. బయటికి ఏమీ కనపడదు గానీ లోపల పొరలు నలిగి, ఏదో ఒక స్పీడ్ బ్రేకర్ మీద విరుగుతుంది. బోల్టులు క్లాంప్ మీద రాసిన టార్క్‌కే, మామూలుగా 5 న్యూటన్ మీటర్లు ఉంటుంది, టార్క్ రెంచ్‌తో బిగించాలి. బిగించాక సైకిల్ నిలబెట్టి, ప్యాడ్ల మీద ఒళ్లంతా ఆన్చి రెండు మూడుసార్లు గట్టిగా ఊగండి. వెంట్రుకవాసి జారినా మళ్లీ విప్పి, తుడిచి బిగించాల్సిందే.

బార్లు బిగించి సీటుని ఉన్నచోటే వదిలేస్తే సగం లాభం పోతుంది. ముందుకి వంగగానే తొడ పొట్టకి తగిలి, తుంటి మూసుకుపోయి, పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ బలం తగ్గుతుంది. సీటుని 2 సెంటీమీటర్లు ముందుకి జరిపి, 6 ఎంఎం పైకి లేపండి. ముందుకి జరిపితే సీటు పెడల్‌కి దగ్గరవుతుంది, ఆ తేడా పూడ్చడానికే ఈ 6 ఎంఎం. సీటు ముక్కు రెండు డిగ్రీలు కిందికి, ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూసుకోండి. అంతకన్నా వంచితే ముందుకి జారిపోతూ చేతులతో తోసుకుంటూ ఉంటారు, భుజాలు పట్టేస్తాయి. మోచేయి ప్యాడ్లు పక్కనుంచి చూస్తే ఇంచుమించు చెవి కిందికి రావాలి. ముంజేతులు పది డిగ్రీలు పైకి లేస్తే తల వాటి వెనక దాగుతుంది.

ప్యాడ్ల కింద స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు) అన్నీ ఉంచే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలకి ఒక సెంటీమీటరు చొప్పున దించండి. దించాక అంతే కష్టపడినా వాట్లు ఐదు శాతానికి మించి పడిపోయాయంటే, లేదా 20 నిమిషాలకే మెడ ఎత్తలేకపోతున్నారంటే, ఒక మెట్టు వెనక్కి వేయండి. బాగా కిందికి వంగి ఐదు నిమిషాలకోసారి లేచి కూర్చునేవాడి కన్నా, కాస్త ఎత్తులో కదలకుండా 40 నిమిషాలు ఉండేవాడే ముందు చేరతాడు. పైసా ఖర్చులేనిది ఇంకొకటి: భుజాలు చెవుల దగ్గరికి ముడిచి, తలని వాటి మధ్యకి దించడం. చూపు మాత్రం రోడ్డు మీదే ఉండాలి, హ్యాండిల్ దగ్గరి సైకిల్ కంప్యూటర్ మీద కాదు.

ఏరోబార్ల మీద ఉన్నంతసేపు బ్రేకులు చేతికి అందవు. బరువు ముందుకి పోయి హ్యాండిల్ చిన్న కదలికకే తిరుగుతుంది. తెన్నేటి పార్కు వంపుల్లో, రుషికొండ దగ్గర జనంలో, మంగమారిపేటలో ఇళ్ల ముందు చేతులు బ్రేకుల మీదికి రావాలి. అక్కడ కుక్క, ఆటో, వలలు మోసుకొచ్చే మనిషి, ఎవరైనా రోడ్డు మీదికి రావచ్చు. మొదటి వారం ట్రైనర్ (ఇంట్లోనే సైకిల్ బిగించి తొక్కే స్టాండు) మీద, ఆ తర్వాత తెల్లవారాక ఖాళీ రోడ్డు మీద అలవాటు చేసుకోండి. గుంపులో తొక్కేటప్పుడు ఆ బార్లు ముట్టుకోవద్దు. పోటీకి పేరిచ్చేముందు నిర్వాహకుల్ని కూడా అడగండి. మామూలు రోడ్ బైక్ విభాగం పెట్టి క్లిప్-ఆన్లు కాదనేవాళ్లున్నారు. అలాంటప్పుడు ఉత్త హ్యాండిల్ మీద ముంజేతులు ఆన్చి తొక్కేద్దాం అనుకోకండి. రోడ్డు పోటీల్లో ఆ భంగిమని యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య) 2021లో నిషేధించింది. అది ప్రమాదం కూడా. డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపు) మీద, లేదా హుడ్స్ మీదే మోచేతులు బాగా మడిచి తొక్కండి, లాభంలో సగం అలాగే దక్కుతుంది.

టైర్లకి డబ్బు వెనకాడకండి. ఫ్రేములో, బ్రేకులో 28 ఎంఎం టైరుకి చుట్టూ 4 ఎంఎం ఖాళీ ఉంటే 28కే వెళ్లండి, లేకపోతే 25 ఉంచండి. కాంటినెంటల్ జీపీ 5000 లాంటి రేసు టైరుకీ, సైకిల్‌తో వచ్చిన మందపాటి టైరుకీ ఈ వేగంలో జతకి పది వాట్ల దాకా తేడా ఉంటుంది. లోపల లేటెక్స్ లేదా టీపీయూ (పల్చటి ప్లాస్టిక్) ట్యూబు. లేటెక్స్‌లో గాలి ఒక్క రాత్రికే దిగిపోతుంది, పోటీ రోజు పొద్దున్నే మళ్లీ కొట్టుకోవాలి. గాలి 110 పీఎస్ఐ కొట్టే పాత అలవాటు మానండి. 70 కిలోల మనిషికి 28 ఎంఎంలో 70 నుంచి 75, 25 ఎంఎంలో 85 నుంచి 90 చాలు. గట్టి టైరు గరుకు తారు మీద ఎగురుతుంది, ఆ కుదుపంతా మీ ఒళ్లు మింగుతుంది, అదంతా పెడల్ నుంచి పోయిన బలమే. హుక్‌లెస్ (టైరుని పట్టే అంచు మడత లేని) రిమ్ములైతే 72.5 పీఎస్ఐ దాటకూడదు, దాటితే టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చేయొచ్చు.

బట్టలు తేలిక. రెపరెపలాడే జెర్సీ మీద కార్బన్ వీల్స్ పెట్టుకున్నా దండగే. చేతులు మోచేయి దాకా కప్పే బిగుతు జెర్సీ, లేదా స్కిన్‌సూట్ (పైనా కిందా ఒకే ముక్కగా ఉండే బిగుతు బట్ట). నంబరు కాగితం నాలుగు పిన్నులతో కాదు, ఎనిమిదింటితో, తొక్కే భంగిమలో వంగి ఉండగా ఇంకొకరి చేత పెట్టించుకోండి. నిలబడి పెట్టుకుంటే వంగగానే తెరచాపలా ఉబ్బుతుంది. హెల్మెట్ విషయంలో తోక పొడుగున్న, రంధ్రాలు లేని టీటీ హెల్మెట్ నేను వద్దంటాను. మన ఉక్కలో చెమట ఆరదు. తల వేడెక్కితే ఆఖరి పది నిమిషాల్లో పోయే వాట్లు ఆ హెల్మెట్ మిగిల్చేదానికన్నా ఎక్కువ. ముందు రెండు మూడు రంధ్రాలున్న ఏరో రోడ్ హెల్మెట్ చాలు.

గేర్లు మార్చక్కర్లేదు. ముందు 50 పళ్ల చైన్‌రింగు, వెనక 11 పళ్ల కాగ్‌తో నిమిషానికి 90 తిప్పితే గంటకి 52 కిలోమీటర్లు. ఆ వేగం మీకు దిగుడులో తప్ప రాదు.

చైన్ మాత్రం చూసుకోవాలి. ఉప్పు గాలికి, ఇసుకకి నూనె చైన్ వారంలో నల్లటి ముద్ద అవుతుంది, అది వాట్లనీ పళ్లనీ కలిపి తింటుంది. కొత్త చైన్‌ని ఫ్యాక్టరీ గ్రీజు పూర్తిగా పోయేదాకా కడిగి, కరిగించిన పారఫిన్ మైనంలో 90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, వేలాడదీసి ఆరబెట్టండి. మైనం గిన్నెని నేరుగా మంట మీద పెట్టకండి, నీళ్ల గిన్నెలో పెట్టి వేడి చేయండి. 300 కిలోమీటర్లకి మళ్లీ. ఒక లోపం ఉంది: మైనం చైన్ తడిస్తే తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది, వాన రోజు ఇంటికి రాగానే తుడిచి ఆరబెట్టాల్సిందే. క్లిప్-ఆన్ బోల్టులకీ, అల్యూమినియం సీట్‌పోస్టుకీ గ్రీజు రాయడం మరవకండి.

కొన్నది నిజంగా పనిచేసిందో లేదో తేల్చుకునే పద్ధతి కూడా చెప్తాను. తొక్కే వాట్లని కొలిచే పవర్ మీటర్ ఉండాలి. గుండె వేగం మన వేడిలో దానంతటదే పెరుగుతుంది, దాన్ని నమ్మి లాభం లేదు. ఎర్రమట్టి దిబ్బల వైపు ట్రాఫిక్ పలచగా ఉండే రెండు కిలోమీటర్ల ముక్క చూసుకోండి. సూర్యుడు ఎక్కకముందే, ఒకే వాట్ల దగ్గర వెళ్లి రండి. పాత పద్ధతిలో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది. రెండు పాతవాటి మధ్యే పాత-కొత్త తేడా అంత కనిపిస్తే ఆ రోజు గాలి మారిందన్నమాట, ఆ అంకెలు పారేయండి. గోల్డెన్ చీతా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏరోల్యాబ్ ఉంది, ఆ రైడ్ ఫైలు వేస్తే సీడీఏ అంచనా ఇస్తుంది. ఏరోబార్ల తేడా ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. వీల్స్ తేడా తెలియకపోతే ఆశ్చర్యపోకండి, ఉన్నదే అంత.

అయినా వీల్స్ కావాలనిపిస్తే వెనక లోతుగా, ముందు 35, 40 ఎంఎంకి మించకుండా తీసుకోండి. కైలాసగిరి కింద కొండ అడ్డం తప్పుకున్న చోట పక్కగాలి ఒక్కసారిగా కొడుతుంది, ఏరోబార్ల మీద ఉండగా లోతైన ముందు చక్రం హ్యాండిల్‌ని లాగేస్తుంది.

పోటీ రోజు మొదటి రెండు నిమిషాలు చాలా తేలిగ్గా అనిపించే వాట్లకే కట్టుబడండి. ఎదురుగాలిలో, ఎత్తుల మీద సగటుకన్నా ఐదు నుంచి పది శాతం ఎక్కువ పెట్టి, వెనకగాలిలో, దిగుడులో అంత తగ్గించండి. నెమ్మదిగా పోయే చోట పెట్టిన వాట్లకే ఎక్కువ సెకన్లు కలిసొస్తాయి.

ఇక సెకండ్ హ్యాండ్ టీటీ బైక్. ఏడాదికి నాలుగైదు టైమ్ ట్రయళ్లు, ట్రయథ్లాన్లు ఖాయంగా చేసేటట్లయితేనే. ముందు క్లిప్-ఆన్ల మీద ఒక సీజన్ తొక్కండి. ప్యాడ్ల నుంచి సీటుకీ, పెడల్‌కీ మీకు నప్పిన కొలతలు అప్పటికి చేతిలో ఉంటాయి, ఫ్రేమ్ సైజు దాంతో తేలుతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు స్టెమ్, ప్యాడ్ల స్పేసర్లు, సీట్‌పోస్ట్ క్లాంప్ ఆ కంపెనీ సొంత కొలతలవా అని అడగండి. అలాంటివి పోతే మళ్లీ దొరకవు. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే కీలు) ఊడదీయించి బేరింగులు చూడండి, ట్రైనర్ మీద చెమట కారి కారి అక్కడే తుప్పు పడుతుంది. సీట్‌పోస్ట్ బోల్టు వదులు చేయించి కదిపి చూడండి. కదలకపోతే బేరం ఆడకుండా వెనక్కి వచ్చేయండి.