460 మిల్లీమీటర్ల దగ్గర ఎంత వచ్చింది?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. చక్రాల బరువు రన్‌వే పొరల్లో ఎలా పడుతుందో లెక్కేసే కొత్త ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెలు పాత ప్రోగ్రామ్‌తో 2 శాతం తేడాలో కలిశాయి, రన్‌వే రిపోర్ట్ పంపేయొచ్చా అన్నావు. ఇప్పుడే పంపకు. రెండూ కలవడం మంచిదే. కానీ రెండింటి లోపలా ఒకే పాత కోడ్ తిరుగుతుంటే? అన్నదమ్ములిద్దరినీ పిలిచి సాక్ష్యం అడిగినట్టే అవుతుంది.

పైగా ఆ 2 శాతం చిన్నదనుకోకు. 2009లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ తెచ్చిన రన్‌వే డిజైన్ ప్రోగ్రామ్ ఫార్‌ఫీల్డ్‌లో సబ్‌గ్రేడ్ (అడుగు నేల) సూత్రం గుర్తుందా? కవరేజీలు (ఒకే చోటి మీదుగా చక్రం వెళ్లిన సార్లు) 12,100 దాటాక, 0.002428ని నేల ఎంత నిష్పత్తిలో నలిగిందో చెప్పే నిలువు స్ట్రెయిన్‌తో భాగించి 14.21వ ఘాతానికి పెంచేవాళ్లు. స్ట్రెయిన్ 1 శాతం తక్కువగా వస్తే రన్‌వే ఆయుష్షు 15 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. 2 శాతం తక్కువైతే 33 శాతం. 5 శాతం తక్కువైతే ఏకంగా రెట్టింపు. తర్వాతి వెర్షన్లలో సూత్రం మార్చారు గానీ, చిన్న తప్పు ఆయుష్షు దగ్గరికొచ్చేసరికి పెద్దదవడం ఈ లెక్కల్లో ఎప్పుడూ ఉండేదే.

అందుకని ముందు జవాబు తెలిసిన లెక్క ఇచ్చి చూడు. చక్రం బరువు 250 కిలోన్యూటన్లు, టైరు ప్రెషర్ 1.5 మెగాపాస్కల్స్ అనుకుందాం. టైరు ఆనే వృత్తం వ్యాసార్థం దాదాపు 230 మిల్లీమీటర్లు వస్తుంది, ప్రోగ్రామ్‌కి సరిగ్గా 230 ఇవ్వు. ఎన్ని లేయర్లున్నా అన్నిటికీ ఒకే మాడ్యులస్ (బిగుతు), ఒకే పాయిసన్ రేషియో (నొక్కితే పక్కకి ఎంత ఉబ్బుతుందో) ఇచ్చి, లేయర్ల మధ్య పూర్తి బాండ్ (జారని అతుకు) పెట్టు. అప్పుడది ఒకే రకం నేల మీది బరువుకి ఫ్రెంచ్ గణితవేత్త బూసినెస్క్ 1885లో వేసిన లెక్కే. చక్రం మధ్యలో, వ్యాసార్థమంత లోతున నిలువు స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) టైరు ప్రెషర్‌లో 64.64 శాతం ఉండాలి, అంటే 0.970 మెగాపాస్కల్స్. దానికి రెట్టింపు లోతున, అంటే 460 దగ్గర, 28.45 శాతం, అంటే 0.427. మాడ్యులస్ 100 మెగాపాస్కల్స్, పాయిసన్ 0.35 ఇస్తే పైతలం మధ్యలో కుంగుడు 6.055 మిల్లీమీటర్లు. ఇవి కాగితం మీద పది నిమిషాల్లో వచ్చే అంకెలు. ప్రోగ్రామ్ నాలుగో అంకె దాకా కలవాలి. రెండో అంకె దగ్గరే తేడా వస్తే అక్కడే ఆగిపో.

ఇది కుదిరాక ఇంకో రెండు పనులు చెయ్యి, వీటికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. మామూలు లేయర్ల కేసు తీసుకుని, ఏదో ఒక లేయర్‌ని అవే గుణాలతో రెండు ముక్కలు చెయ్యి. జవాబు కదలకూడదు. తర్వాత మాడ్యులస్‌లన్నీ రెట్టింపు చెయ్యి. స్ట్రెస్‌లు అలాగే ఉండి, కుంగుడు సరిగ్గా సగమవ్వాలి. మందమైన లేయర్లు పెట్టినప్పుడు ఈ చిన్న పరీక్షల్లోనే తప్పిన ప్రోగ్రామ్‌లు చూశాను. లోపల ఎక్స్‌పోనెన్షియల్స్ మరీ పెద్దవైపోయి, ఒక పెద్ద అంకెలోంచి దాదాపు అంతే ఉన్న ఇంకో అంకె తీసేస్తుంటే మిగిలేది చెత్తే కదా.

పైతలానికి దగ్గరగా ఏ అంకెనైనా అనుమానించు. లోతున ప్రోగ్రామ్ కూడే ఇంటిగ్రల్ తొందరగా తగ్గిపోతుంది. పైన మాత్రం దానిలోని బెసెల్ ఫంక్షన్లు అలల్లా ఊగుతూనే ఉంటాయి, ప్రోగ్రామ్ ఓపిక పట్టలేక మధ్యలో ఆపేస్తుంది. వృత్తం అంచు మీద, లోతు సున్నా దగ్గర నిలువు స్ట్రెస్ అడుగు. సిద్ధాంతం ప్రకారం టైరు ప్రెషర్‌లో సరిగ్గా సగం, 0.75 రావాలి. చాలా ప్రోగ్రామ్‌ల నిజరూపం అక్కడ బయటపడుతుంది.

లేయర్లు కలిసే చోట నేనే ఒకసారి బోల్తా కొట్టాను. తారు లేయర్ 5 అంగుళాలు. దాని అడుగున అడ్డం స్ట్రెస్ కావాలని లోతు సరిగ్గా 127 మిల్లీమీటర్లు ఇచ్చాను. అంగుళాల్లోకి మార్చేటప్పుడు చివరి దశాంశం జరిగి, పాయింట్ కాస్తా కింది కంకర లేయర్‌లోకి జారింది. బాండ్ ఉన్నచోట అడ్డం స్ట్రెయిన్, నిలువు స్ట్రెస్ రెండు వైపులా ఒకటే, కానీ అడ్డం స్ట్రెస్ మాడ్యులస్‌తో పాటు ఒక్కసారి మారిపోతుంది. తారు అడుగున ఉండాల్సిన పెద్ద టెన్షన్ (లాగుడు) బదులు చిన్న అంకె వచ్చింది. డిజైన్ ఎంత బాగా కుదిరిందోనని సంబరపడ్డాను కూడా! రెండు రోజుల తర్వాత 126కీ 128కీ విడివిడిగా రన్ చేస్తే గానీ తెలియలేదు. అప్పటినుంచి ఆశించినదానికంటే మంచి అంకె వస్తే నాకు నిద్ర పట్టదు. నువ్వు మాత్రం పైవైపొకటి, కిందివైపొకటి రెండు పాయింట్లు అడుగు.

కాంక్రీట్ స్లాబ్‌కి ఫైనైట్ ఎలిమెంట్, అంటే ముక్కల వలగా (మెష్) విడదీసి లెక్కించే పద్ధతి, వాడుతున్నావు కదా. మెష్‌ని సగం, మళ్లీ సగం చేసి, మూడు జవాబుల మధ్య తేడాలు తగ్గుతున్నాయో లేదో చూడు. మందంలో ఒకే ఒక్క సాదా ఎనిమిది నోడ్ల (మూలల) ఎలిమెంట్ పెడితే స్లాబ్ లేని బిగుతు తెచ్చుకుంటుంది, వంపు స్ట్రెస్ తక్కువ చూపిస్తుంది. వెస్టర్‌గార్డ్ 1926లో ఇచ్చిన స్లాబ్ సూత్రాలతో పోల్చేటప్పుడు ఆయనది అంతులేని స్లాబని మర్చిపోకు. 400 మిల్లీమీటర్ల కాంక్రీట్, కింద ఘనమీటరుకి 80 మెగాన్యూటన్ల కె విలువ (నేల ఎదురునెట్టే బలం) అయితే, బరువు ప్రభావం ఎంత దూరం పాకుతుందో చెప్పే రిలేటివ్ స్టిఫ్‌నెస్ వ్యాసార్థమే దాదాపు 1.17 మీటర్లు. నీ మోడల్ స్లాబ్ దానికి చాలా రెట్లు పెద్దది కావాలి.

ఇవన్నీ పాసైనా ప్రోగ్రామ్ లెక్క సరిగ్గా వేస్తోందనే అర్థం. నేల నిజంగా అలాగే ప్రవర్తిస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికోసమే కదా అమెరికా వాళ్లు అట్లాంటిక్ సిటీ దగ్గర నిజమైన పేవ్‌మెంట్ మీద చక్రాలు తిప్పి చూస్తున్నారు. రిపోర్ట్‌లో ఈ రెండూ ఒకే పేరాలో కలిపి రాయకు. 2024 నవంబర్ 28 నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వాడే, విమానం భారాన్ని రన్‌వే బలంతో పోల్చే పద్ధతి ఏసీఆర్-పీసీఆర్‌కి మారింది, దాని వెనకా ఇదే లేయర్డ్ ఎలాస్టిక్ (సాగే పొరల) లెక్క ఉంది. నీ అంకె పట్టుకునే రేపు ఏ విమానాన్ని దింపాలో తేలుస్తారు.

ఆదివారం లోపు మొదటి లెక్క రన్ చేసి, 460 దగ్గర ఆరు అంకెల దాకా ఏం వచ్చిందో రాయి. రిపోర్ట్ సంగతి మీ బాస్‌కి ఇంకో వారం పడుతుందని చెప్పు. ఆయన విసుక్కుంటాడు, పర్లేదు.

ఇట్లు
మామయ్య