రేషన్ కార్డు లేదని అంగన్‌వాడీలో పాపను వద్దనొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా ఆయన సెంట్రింగ్ పని కోసం ఆర్నెల్ల కిందట విజయవాడ వచ్చాం. పాపకు మూడున్నరేళ్లు. ఇక్కడి అంగన్‌వాడీకి తీసుకెళ్తే రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం తెమ్మన్నారు. కార్డు ఊళ్లోనే ఉంది. ప్రైవేటు స్కూలు నర్సరీలో పేదలకు ఉచిత సీటు ఉంటుందట, మాకు వస్తుందా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, అంగన్‌వాడీలో చేరడానికి అసలు ఆదాయ పరిమితే లేదు. అక్కడి సేవలకు దారిద్ర్యరేఖను అర్హతగా పెట్టకూడదని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7నే ఆదేశించింది. ఇన్నేళ్లయినా కార్డు అడుగుతూనే ఉన్నారంటే ఏమనాలి!

ఇక ఊరి సంగతి. 2013 ఆహార భద్రత చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ‘స్థానిక అంగన్‌వాడీ’ ద్వారా ఉచితంగా భోజనం పెట్టాలి. పాప ఉంటున్నది విజయవాడలో కాబట్టి తనకు స్థానిక కేంద్రం అదే. పాపకు ఆధార్ లేకపోయినా టెన్షన్ పడకండి. ఆ నంబరు చూపలేదని ఏ బిడ్డకూ పథకాలు ఆపకూడదని 2018 ఆధార్ తీర్పులో ఉంది.

అయితే ఒకటి చూసుకోండి. పాప పేరు ఇంకా మీ ఊరి కేంద్రంలోనే ఉందేమో! అసలు చిక్కు అక్కడే ఉండొచ్చు. ఉంటే, అంగన్‌వాడీ పిల్లల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఇక్కడి కేంద్రానికి మార్పించమని అడగండి. ఆ వీలుంది.

అప్పటికీ కాదంటే నోటిమాటతో తిరిగి రావద్దు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, అంగన్‌వాడీల పైఅధికారి అయిన సీడీపీఓకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) ఇచ్చి, మీ దగ్గరి కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఫలితం లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. లాయరు ఫీజుకు భయపడక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

ప్రైవేటు సీటు దారి వేరు. విద్యా హక్కు చట్టం 12(1)(సి) ప్రకారం 1వ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. స్కూల్లో నర్సరీ ఉంటే అక్కడి నుంచే అని చట్టంలో ఉన్నా, మన రాష్ట్రంలో దరఖాస్తులు పిలుస్తున్నది 1వ తరగతికి. కాబట్టి ఇప్పటికి అంగన్‌వాడీయే మీకు సరైన దారి. ఆ సీటుకు మాత్రం ఆదాయం, చిరునామా రుజువులు చూస్తారు, ఈలోగా అవి సిద్ధం చేసుకోండి. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ నిబంధన వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది, స్కూలు ఎంచుకునేటప్పుడు అది కూడా అడిగి తెలుసుకోండి.