క్యారెక్టర్ యానిమేషన్ నేర్చుకోవడానికి ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. వీడియో గేముల్లోని పాత్రలకు కదలికలు ఇచ్చే పని నేర్చుకుని, దాన్నే వృత్తిగా చేసుకోవాలనుకుంటున్నాను. నా పొదుపు 8 నెలల ఖర్చులకు సరిపోతుంది. ఏడాది కోర్సు ఫీజుకే అందులో సగం పోతుంది. కొత్త కంప్యూటర్‌కు, సాఫ్ట్‌వేర్ చందాకు 3 ఏళ్ల అప్పు తీసుకుని ఉద్యోగం మానేయవచ్చా?

సమాధానం: ఇప్పుడే మానవద్దు. ఫీజు కట్టాక మీ చేతిలో మిగిలేది 4 నెలల ఖర్చులకు సరిపడే డబ్బు, కోర్సు మాత్రం 12 నెలలు. జీతం ఆగిపోయి, దానికి తోడు అప్పు వాయిదాలు కూడా మొదలైతే, కోర్సు మూడో వంతు పూర్తి కాకముందే మీ పొదుపు ఖాళీ అవుతుంది.

అసలు మీరు అప్పు చేయాలనుకుంటున్న రెండు వస్తువులూ తొలి దశలో అవసరం లేనివే. బ్లెండర్ అనే 3D యానిమేషన్ సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఉచితంగా దొరుకుతోంది. రిగ్గింగ్ (పాత్రకు కదిలించగల ఎముకల చట్రం, అంటే రిగ్, అమర్చడం), కీఫ్రేములు (కదలికలోని ముఖ్య భంగిమలు), గ్రాఫ్ ఎడిటర్ (కదలిక వేగాన్ని గీతలతో సరిదిద్దే పరికరం) అన్నీ అందులో ఉన్నాయి. ఆటను తయారుచేసి నడిపించే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు; అలాంటి గోడో ఇంజిన్ కూడా ఉచితమే. పెద్ద స్టూడియోలు చాలావరకు మాయా అనే చందా సాఫ్ట్‌వేర్ వాడతాయన్నది నిజమే, కానీ అర్హత ఉన్న విద్యార్థులకు దాని విద్యా లైసెన్సు ఉచితంగా లభిస్తుంది కాబట్టి, కోర్సులో చేరకముందే చందా కట్టడం తొందరపాటు. ఇక కంప్యూటర్ సంగతి: సినిమాలో మాదిరిగా గేము యానిమేటర్ ప్రతి ఫ్రేమునూ గంటల తరబడి రెండర్ చేయనక్కరలేదు (అంటే తుది బొమ్మగా తయారుచేయనక్కరలేదు), ఎందుకంటే అతను ఇచ్చే ఎముకల కదలికల సమాచారాన్ని ఆట నడుస్తుండగా ఇంజినే బొమ్మగా గీస్తుంది. తేలికపాటి రిగ్‌తో సాధన చేయడానికి మామూలు కంప్యూటర్ చాలు. అది నిజంగా తడబడడం మొదలుపెట్టాక, ముందు మెమరీ (ర్యామ్) పెంచి చూడండి.

డబ్బు పెట్టదగినది మరొకటుంది, అది మీ పనిని తప్పుపట్టగల అనుభవజ్ఞుడి కన్ను. నడిచే పాత్ర పాదం నేలమీద జారుతున్నా, దెబ్బ కొట్టే చేతిలో బరువు కనిపించకపోయినా, చేసినవారికి తెలియకపోవడం సహజం. అందుకే ఫీజు కట్టేముందు, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు ఉంటారో, మీ పనిని విడిగా చూసి దిద్దుతారో లేదో అడగండి. అక్కడ నేర్పేది సినిమా యానిమేషనా, గేము యానిమేషనా అన్నది అంతకంటే ముఖ్యం. సినిమాలో ఒక కెమెరా కోణానికి కుదిరితే చాలు. ఆటలో ఆటగాడు కెమెరాను ఎటైనా తిప్పుతాడు, పరుగు మధ్యలో బటన్ నొక్కి పాత్రను గెంతిస్తాడు, కనుక ప్రతి కదలికా ఏ వైపు నుంచైనా నిలవాలి, మరో కదలికలోకి అతుకు కనపడకుండా మారాలి. కదలికలను ఇంజిన్‌లో పెట్టి నడిపించడం నేర్పని కోర్సు మీ లక్ష్యానికి సగమే పనికొస్తుంది.

నా సూచన ఇది. ఉద్యోగం చేస్తూనే 6 నెలలపాటు వారానికి 8 గంటలు కేటాయించండి, సుమారు 200 గంటలు అవుతాయి. ఎగిరే బంతితో మొదలుపెట్టి నడక, పరుగు లూపులు (ఆగకుండా తిరిగి తిరిగి నడిచే కదలికలు), ఒక గెంతు, ఒక దాడి పూర్తిచేసి ఇంజిన్‌లో నడిపించండి. అదే కాలంలో, మీరు తీసుకోవాలనుకున్న అప్పుకు నెలవాయిదా ఎంత వస్తుందో అంత సొమ్మును ప్రతినెలా వేరే ఖాతాలో వేయండి. ఆ భారం మోయగలరో లేదో తెలుస్తుంది, కంప్యూటర్‌కు కొంత డబ్బూ జమ అవుతుంది. ఆ ఆరు నెలల్లో సాధన ఆగిపోతే మీరు నష్టపోయేది కొన్ని సాయంత్రాలే.

సాధన సాగితే, ముందు ఉద్యోగంతోపాటు చేయగల సాయంత్రపు కోర్సు వెతకండి. పూర్తికాలపు కోర్సే కావాలనుకుంటే, ఫీజు కాక కనీసం 18 నెలల ఖర్చులు చేతిలో ఉన్నాకే రాజీనామా చేయండి. కోర్సు ముగిసిన మర్నాడే పని దొరుకుతుందని లెక్కవేయకూడదు.

అప్పటికీ కొంత అప్పు తప్పకపోతే, వడ్డీ వేసే పద్ధతి చూడండి. 12% వడ్డీ తగ్గుతున్న బాకీపై అయితే 3 ఏళ్లలో అసలు మీద సుమారు 20% అదనంగా కడతారు. అదే 12% మొదటి అసలు మొత్తం మీద చివరిదాకా వేస్తే అదనం 36% అవుతుంది, నిజంగా పడే వడ్డీ రేటు దాదాపు 21%కి చేరుతుంది. ఆ రెండో రకం పత్రం మీద సంతకం పెట్టకండి.