అమ్మలూ, ముందు పైభాగం కుదరనీ

అల్లిపురం, విశాఖపట్నం

అమ్మలూ,

మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో చూపించిన ఫ్రాక్ ఇంకా నా కళ్ళలోనే ఉంది. సన్నటి నడుము, చిన్న కాలరు, మోకాళ్ళ కిందికి గొడుగులా విచ్చుకున్న లంగా. "అత్తా, ఈ 1950ల ఫ్రాక్ నేనే కుట్టుకుంటాను, నేర్పుతావా?" అన్నావు. మీ నాన్న పక్కనుంచి, రెడీమేడ్ దొరుకుతుంది కదా అన్నాడు. దొరుకుతుంది. కానీ నీ ఒంటికి కుదిరేది దొరకదు. ఆ కాలపు ఫ్రాకుల అందమంతా కుదరడంలోనే ఉంది. సాగే గుడ్డ కాదు కాబట్టి కొలత ఎక్కడ తప్పితే అక్కడ బయటపడిపోతుంది. అందుకే ఫోన్‌లో చెబితే మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

మిషన్ అప్పుడే కొనకు. మా ఇంట్లో రెండు ఉన్నాయి, మోటారుది ఒకటి, కాళ్ళతో తొక్కేది ఒకటి. నువ్వు తొక్కేదాని మీదే మొదలుపెట్టు. కొత్తవాళ్ళ చేతిలో మోటారు మిషన్ గుడ్డను లాక్కుపోతుంది. మెడ వంపు దగ్గర, కాలరు మూల దగ్గర ఒక్కో కుట్టు చొప్పున వెళ్ళాలంటే పాదం మన మాట వినాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు కిటికీ పక్కన కూర్చుని చుట్టుపక్కల ఇళ్ళ చిరిగిన కర్టెన్లు, దుప్పట్లు అన్నీ ఆ తొక్కుడు మిషన్ మీదే కుట్టాను. దానిమీద నాకున్న ప్రేమ అప్పటినుంచి ఇంకా పెరిగింది. మన ఊరి ఉప్పుగాలికి సూదులు, బాబిన్ కేసు త్వరగా తుప్పు పడతాయి. వాడినా వాడకపోయినా వారానికోసారి తుడిచి నూనె చుక్కలు వేసి, పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టాలి. నూనె మరక రావడం ఆగాకే మంచి గుడ్డ పెట్టాలి. వాయిల్ లాంటి పల్చటి గుడ్డకి 11 నంబరు సూది, పాప్లిన్‌కి 14.

ఇప్పుడు అసలు సంగతి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక పాత పత్రికలో బొమ్మ చూసి, మా అమ్మ దాచుకున్న నీలిపూల వాయిల్ నాలుగు మీటర్లు నేరుగా కత్తిరించేశాను. నడుము కొలత లంగా బొందు కట్టుకునే చోట తీసుకున్నాను. అదే తప్పు. ఆ ఫ్రాకుల నడుము అంత కిందికి ఉండదు. వేసుకుని చూస్తే పైభాగం పొడవైపోయి నడుం చుట్టూ ముడతలుగా పోగుపడింది. అప్పటికే టక్కులు (ఒంటికి అమరేలా వేసే మడతలు) కుట్టేశాను, మార్జిన్లు కత్తిరించేశాను, సరిచేయడానికి గుడ్డ మిగల్లేదు. అమ్మ ఆ గుడ్డతో దిండు గలీబులు కుట్టింది. చాలా ఏడ్చాను.

నీకలా జరగకూడదు. ఒక నాడా తీసుకుని నడుముకి వదులుగా కట్టి, పక్కకి వంగు. ఒళ్ళు ఎక్కడ మడత పడుతుందో నాడా అక్కడికే జరిగి కూర్చుంటుంది. అదీ నీ నడుము. మీ తరం పిల్లలు జీన్స్ అలవాటు వల్ల ఇంకా కిందికి చూపిస్తారు. మెడ వెనక ఎముక నుంచి నాడా దాకా ఒక కొలత, ముందు భుజం మొదలు నుంచి ఛాతీ మీదుగా నాడా దాకా ఇంకో కొలత తీయాలి. ఈ రెండూ ఒకటి కావు, ఒకటనుకోవద్దు. నీ కొలతలు నువ్వే తీసుకోకు, టేపు కోసం వంగితే అంకె మారిపోతుంది. ఛాతీకి రెండు అంగుళాలు, నడుముకి ఒక అంగుళం వదులు చాలు. పాత విదేశీ పేటర్న్ (గుడ్డ కత్తిరించడానికి వాడే కాగితపు నమూనా) ఏదైనా దొరికితే దానిమీద 14 అని ఉన్నంత మాత్రాన ఇప్పటి 14 అనుకోకు. అప్పటి సైజులు చాలా చిన్నవి. సైజు నంబరు వదిలేసి, ఛాతీ ఎన్ని అంగుళాలని రాశారో అది చూడు.

తర్వాత పాత కాటన్ దుప్పటి మీద పైభాగం ఒక్కటే కత్తిరించి, పొడుగు కుట్లతో మచ్చు కుట్టు. వేసుకుని చేతులు పైకెత్తు. నేల మీద కూర్చో. చంక కింద పట్టేస్తోందా, వీపు దగ్గర గాలి ఆడుతోందా చూడు. ఎక్కువైన చోట పిన్నులు పెట్టి పెన్నుతో గీతలు గీసి, విప్పేసి బల్ల మీద పరుచుకుంటే అదే నీ పేటర్న్. నాకు ఇప్పటికీ కొత్త మోడల్ అయితే రెండు మచ్చులు పడతాయి. ఈ ఒక్క పనికి రెండు ఆదివారాలు పోయినా బాధపడకు. పైభాగం కుదిరితే సగం కంటే ఎక్కువ పని అయిపోయినట్టే. అసలు గుడ్డ కత్తిరించేటప్పుడు మాత్రం మన టైలర్ల పద్ధతే మంచిది, పక్క కుట్లలో అంగుళం మార్జిన్ వదులు.

నువ్వు చూపించిన గొడుగు లంగా మొదటి ఫ్రాక్‌కి వద్దంటాను. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇంగ్లండులో 1941 నుంచి 1949 దాకా బట్టలకి రేషన్ ఉండేది. అందుకే 1940ల ఫ్రాకులు గుడ్డ ఆదా చేస్తూ పొదుపుగా, పొందికగా ఉంటాయి. 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుము, మీటర్ల కొద్దీ గుడ్డ పట్టే లంగాలు చూపించాక మోజు అటు తిరిగింది. నువ్వు ఆ ముందు కాలం మోడల్‌తో మొదలుపెట్టు. దాని కింది భాగం మనం చీర లోపల కట్టుకునే ఆరు ముక్కల లంగా లాంటిదే, బొందు ఉండదంతే. అది నీకు కుట్టడం వచ్చు కూడా.

రెండోది గొడుగు లంగా కుట్టుకో. నడుము 28 అంగుళాలైతే 6.28తో భాగించు, నడుము గుండ్రానికి దాదాపు నాలుగున్నర అంగుళాల వ్యాసార్ధం వస్తుంది. కుట్టుకి అర అంగుళం వదలాలి కాబట్టి నాలుగు అంగుళాల దగ్గర వంపు గీసి కత్తిరించు. మోకాళ్ళ కిందికి రావాలంటే 44 అంగుళాల పన్నా గుడ్డ లంగాకే మూడున్నర మీటర్లు పడుతుంది, రెండు సగాలుగా కత్తిరించాలి. కత్తిరించే ముందు గుడ్డని ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయి, కాటన్ ముడుచుకుంటుంది. కుట్టాక వెంటనే అంచు మడవకు. ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీయి. క్రాస్, అంటే ఏటవాలు వచ్చిన చోట్ల గుడ్డ సాగి కిందికి దిగుతుంది. అప్పుడు నువ్వు ఫ్రాక్ వేసుకుని నిలబడితే నేను నేల నుంచి స్కేలుతో గుర్తు పెట్టి కత్తిరిస్తాను.

సావిత్రి, జమున జాకెట్లలాంటి బుట్ట చేతులు కావాలన్నావు కదా. చేతి పైభాగానికి పొడుగు కుట్లతో రెండు వరసలు వేసి, దారాలు లాగి కుచ్చులు సర్దాలి. ఒక్క వరసతో చేస్తే కుచ్చులు ఒకవైపుకి జరిగిపోతాయి. మన ఊరి తేమకి సాయంత్రానికల్లా బుట్ట వాలిపోతుంది. లోపల నాలుగు వేళ్ళ వెడల్పున ఆర్గండీ అనే బిరుసు పల్చటి గుడ్డ ముక్క పెట్టి కుడితే నిలబడుతుంది. కాలరుకి నరసాపురం లేసు కొని పెడతాను. అది చేత్తో అల్లింది, ఆ ఫ్రాకుల కాలానికి సరిగ్గా సరిపోతుంది.

ప్రతి కుట్టు కుట్టిన వెంటనే ఇస్త్రీ చేయి. అన్నీ కుట్టాక ఒకేసారి చేద్దామనుకుంటే అతుకులు అతుకుల్లాగే కనిపిస్తాయి. రాత్రి పదకొండుకి ఆఫీసు పని ముగించుకుని కత్తెర పట్టకు, కళ్ళు అలిసినప్పుడు కుట్టడం వరకు పరవాలేదు, విప్పుకోవచ్చు. కత్తిరించింది అతకదు.

వచ్చే ఆదివారం మధురవాడ నుంచి పొద్దున్నే బయల్దేరు, ఎండెక్కకముందు కొలతలు తీసేద్దాం. మీ అమ్మని అడిగి పాత దుప్పటి ఒకటి తెచ్చుకో. గుడ్డ మాత్రం ఇప్పుడే కొనకు. మచ్చు కుదిరాక ఇద్దరం కలిసి జగదాంబ దగ్గరికి వెళ్దాం.

మీ అత్త