కాపురం మ్యూనిక్‌లో, జీతం హైదరాబాద్‌లో: మరి ఇన్సూరెన్స్?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తోంది. వర్క్ ఫ్రమ్ హోమ్. నెలకు 85 వేలు చేతికొస్తాయి. ఈమధ్యే పెళ్లయింది. అల్లుడు జర్మనీలోని మ్యూనిక్‌లో బ్లూ కార్డ్ (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్) మీద ఉద్యోగం చేస్తున్నాడు. రెండు నెలల్లో అమ్మాయి డిపెండెంట్ వీసా మీద వెళ్తోంది. "ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే ఏంటి, అక్కడి నుంచే చేసుకో" అని మేనేజర్ అన్నాడట. అమ్మాయికి థైరాయిడ్ ఉంది. ఏడాదికి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే సరిపోతుందా? ఏ పాలసీ మంచిది?
- ఒక తండ్రి

జవాబు: సరిపోదండీ. ట్రావెల్ ఇన్సూరెన్స్ వెళ్లి తిరిగొచ్చేవాళ్ల కోసం పెట్టింది. మెట్ల మీద జారి కాలు విరిగినా, ఉన్నట్టుండి అపెండిక్స్ నొప్పి వచ్చినా పనికొస్తుంది. అమ్మాయి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించుకుని, మాత్ర డోసు మార్పించుకోవడానికి డాక్టర్ దగ్గరికి వెళ్తే మాత్రం మామూలుగా పైసా రాదు. అది ముందునుంచీ ఉన్న జబ్బు కింద లెక్క. కొత్తగా పెళ్లయిన పిల్ల కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. గర్భం, కాన్పు ఖర్చులు కూడా ఈ పాలసీల్లో సాధారణంగా ఉండవు. వీసాకు, అక్కడ దిగిన మొదటి కొన్ని వారాలకు తీసుకోండి, అంతవరకే. అప్లికేషన్‌లో థైరాయిడ్ సంగతి దాచొద్దు.

జర్మనీలో ఉండేవాళ్లందరికీ వైద్య బీమా ఉండి తీరాలి, అది చట్టం. అందుకే ముందు అల్లుడుగారి జేబులో ఉన్న హెల్త్ కార్డు మీద ఏముందో ఫోన్ చేసి అడగండి. టీకే, ఏఓకే, బార్మర్ లాంటి పేరుంటే అది చట్టబద్ధమైన బీమా, వాళ్ల మాటలో క్రాంకెన్‌కాసె. ఇందులో ప్రీమియం జీతంలో ఇంత శాతం అని పోతుంది, సుమారు సగం కంపెనీ కడుతుంది. జబ్బులున్నాయని ఎక్కువ ప్రీమియం అడగరు, చేర్చుకోము అని కూడా అనరు. అన్నిటికంటే మీకు పనికొచ్చేది ఏంటంటే, భార్యకు పెద్దగా ఆదాయం లేకపోతే అదనంగా ఒక్క యూరో కట్టకుండా ఆమె కూడా అదే బీమా కిందికి వస్తుంది. థైరాయిడ్, కాన్పు అన్నీ మొదటి రోజు నుంచే.

ఆ కార్డు ప్రైవేటు కంపెనీది అయితే కథ వేరు. 2026లో ఏడాదికి 77,400 యూరోలు దాటిన జీతగాళ్లు ప్రైవేటుకు మారొచ్చు. పెళ్లికాని కుర్రాళ్లకు అక్కడ ప్రీమియం చవగ్గా కనిపిస్తుంది. నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన ఒకబ్బాయి అలాగే, నాతో ఒక్క మాట చెప్పకుండా మారిపోయాడు. పెళ్లయ్యాక భార్యకు వేరే ప్రీమియం, పాప పుట్టాక పాపకు వేరే ప్రీమియం. ప్రైవేటులో మనిషికో లెక్క. ఆ జీతం మీద ఉండగా వెనక్కి రావడమూ తేలిక కాదు.

అల్లుడిది క్రాంకెన్‌కాసె అనే అనుకుందాం. ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఆ ఉచిత కుటుంబ బీమాకు భార్య ఆదాయం 2026లో నెలకు 565 యూరోలు దాటకూడదు. యూరో వంద రూపాయలనుకుంటే మీ అమ్మాయి జీతం 850 యూరోలు. ఇండియాలో పడే జీతమైనా లెక్కలోకి వస్తుంది. అంటే హైదరాబాద్ ఉద్యోగం అక్కడి నుంచి చేస్తే ఉచిత బీమా పోయినట్టే. ఆమె పేరు మీద విడిగా క్రాంకెన్‌కాసెలో స్వచ్ఛంద సభ్యత్వం తీసుకుంటే, కనీస చందాయే నెలకు 250 యూరోల పైన ఉంటుంది. జీతంలో దాదాపు మూడోవంతు అక్కడికే పోతుందన్నమాట. "చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది సార్" అని ఇదివరకు ఒకరు నన్నడిగారు. క్రాంకెన్‌కాసె వాళ్లు ఆదాయం ఎంతో అడుగుతూ ఎప్పటికప్పుడు ఫారం పంపుతారు. తప్పు రాసి తర్వాత దొరికితే పాత నెలలకు కూడా కలిపి కట్టమంటారు.

ఇక మేనేజర్ మాట. ఆయన మంచి మనసుతోనే అని ఉంటాడు గానీ, ఆ మాట ఇచ్చే అధికారం ఆయనకు లేదు. మనిషి మ్యూనిక్‌లో కూర్చుని పనిచేస్తే, కంపెనీ ఎక్కడిదైనా, ఆ ఉద్యోగానికి జర్మనీ సోషల్ సెక్యూరిటీ చట్టాలు వర్తిస్తాయి. కనీస వేతనం కూడా. అది 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. వారానికి 40 గంటల లెక్కన నెలకు 2,400 యూరోలు అవుతుంది. 85 వేల రూపాయలకు జర్మనీలో ఫుల్‌టైమ్ పని చేయించుకోవడం ఆ కంపెనీకి చట్టప్రకారం కుదరదు. ఇన్‌కమ్ ట్యాక్స్ గొడవ దీనికి అదనం, దానికి రెండు దేశాల సంగతి తెలిసిన ఆడిటర్‌ని పట్టుకోవాల్సిందే. ఇక్కడి కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ అక్కడి ఆస్పత్రిలో పనిచేస్తుందనే భ్రమ కూడా వద్దు. అలాంటివి మామూలుగా ఇండియాలో వైద్యానికే.

కాబట్టి అమ్మాయి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాలి, నోటిమాట కాదు. రెండే విషయాలు: "ఫలానా తేదీ నుంచి నేను మ్యూనిక్‌లో నివసిస్తాను. అక్కడి చట్టప్రకారం నన్ను జర్మనీ పేరోల్‌లో పెట్టగలరా? లేకపోతే ఆరు నెలలు లాస్ ఆఫ్ పే (జీతం లేని) సెలవు ఇవ్వగలరా?" పెద్ద కంపెనీలు కొన్ని ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ అనే మధ్య సంస్థ ద్వారా అక్కడే ఉద్యోగిగా చూపిస్తాయి. అలా జరిగితే బీమా జీతంతో పాటే వచ్చేస్తుంది, వెతుక్కోనక్కర్లేదు. ఖర్చు చూసి చాలా కంపెనీలు వద్దంటాయి, దానికి అమ్మాయి మనసు కష్టపెట్టుకోవద్దు. "అయితే ఫ్రీలాన్సర్‌గా బిల్లు పెట్టు" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. స్వయం ఉపాధే ప్రధాన వృత్తి అని తేలితే కుటుంబ బీమా ఉండదు. ఒకే కంపెనీకి, వాళ్లు చెప్పిన టైముల్లో పనిచేస్తూ ఫ్రీలాన్సర్‌నంటే అక్కడి అధికారులూ నమ్మరు.

నా మటుకు నేనైతే లాస్ ఆఫ్ పే అడగమంటాను. అది కూడా కుదరకపోతే రాజీనామా. 85 వేలు వదులుకోవడం బాధే, తెలుసు. కానీ బ్లూ కార్డ్ వాళ్ల భార్యకు అక్కడ ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉంటుంది. మ్యూనిక్‌లో ఫోక్స్‌హోఖ్‌షూలె అని నగరం నడిపే వయోజన విద్యాకేంద్రం ఉంది, ప్రైవేటు కోచింగ్‌తో పోలిస్తే జర్మన్ క్లాసులు అందుబాటు ధరలో దొరుకుతాయి. ఆదాయం ఉండదు కాబట్టి ఆ ఆరు నెలలు భర్త బీమాలో నిశ్చింతగా ఉండి, బీ1 (మధ్యస్థాయి) దాకా భాష నేర్చుకుని, అక్కడే టెస్టింగ్ ఉద్యోగాలకు అప్లై చేయమనండి. ఉద్యోగం దొరికిన రోజు నుంచి ఆమె పేరు మీదే బీమా. ఇప్పుడున్న థైరాయిడ్ రిపోర్టులు ఇంగ్లిష్‌లో ఉండేవి, ప్రిస్క్రిప్షన్, రెండు మూడు నెలల మాత్రలు చేతి సంచీలో పెట్టుకెళ్తే, కొత్త ఊళ్లో డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికే లోపు టెన్షన్ ఉండదు.

ఇంకొకటి. మీరు రాయలేదు గానీ, అమ్మాయి కంపెనీ ఇన్సూరెన్స్‌లో మీరూ మీ ఆవిడా ఉన్నారా? చాలా ఇళ్లల్లో అమ్మానాన్నల కవరేజీ అదొక్కటే. ఆమె ఉద్యోగం మానిన రోజున మీ కార్డు కూడా ఆగిపోతుంది. అలా ఉంటే, ఆమె చివరి పనిదినానికి ముందే ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, మీ ఇద్దరినీ వాళ్ల విడి పాలసీకి మార్చమని అడగండి. ఒప్పుకుంటే, గ్రూప్‌లో గడిచిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో తీసేస్తారు. కొత్తగా మొదలుపెడితే బీపీ, షుగర్ లాంటి వాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మాయి ప్రయాణానికి రెండు నెలలే ఉంది కాబట్టి, హెచ్‌ఆర్ మెయిల్ వెళ్లిన వారంలోనే ఈ పని కూడా మొదలుపెట్టండి.