సైటు బాధ్యత తీసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాదులో ఐదంతస్తుల అపార్టుమెంటు పనికి నిన్ను ప్రాజెక్టు మేనేజరును చేశారని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి, వీధిలో కనిపించిన వాళ్లందరికీ ఆ సంగతే చెబుతున్నాను. రాత్రయ్యేసరికి మాత్రం సెంట్రింగ్ పనులు, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద కర్రలతో ఆధారం కట్టే పనులు, తలపుకొచ్చి నిద్ర పట్టడం లేదు.

షెడ్యూలు వేయడం, డ్రాయింగుల్లో తాజా రివిజన్ ఏదో చూసుకోవడం, సిమెంటూ ఇనుమూ ముందుగా తెప్పించడం నీకు నేను చెప్పనక్కరలేదు. నా దిగులంతా మనుషుల గురించే. సైటులో పని చిక్కుకుందన్న సంగతి అందరికంటే ముందు మేస్త్రీకీ, అందరికంటే ఆఖరున మేనేజరుకూ తెలుస్తుంది. ఆ నడుమ పోయే రోజులను ఏ బార్ చార్టూ చూపదు.

నేను జూనియర్ ఇంజనీరుగా ఉన్న ఒక సైటులో మేనేజరు తెలివైనవాడే, కష్టపడేవాడే, కానీ ఆలస్యమన్న మాట వింటే మండిపడేవాడు. ఒకనాడు సెంట్రింగ్ మేస్త్రీ వచ్చి, కర్రలు చాలవు, పై అంతస్తు పని రెండు రోజులు ఆపాలని చెబితే, కూలీలందరి ముందూ అతణ్ని నానా మాటలూ అన్నాడు. వయసులో పెద్దవాడైన ఆ మేస్త్రీ తలగుడ్డ విప్పి దులుపుకొని, మారు పలకకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత ఏమడిగినా "అయిపోతుంది సార్" అన్నదొక్కటే జవాబు. కొన్నాళ్లకు, పై అంతస్తుకు కర్రలు కావాలని, హాలు స్లాబు కిందివి తొమ్మిదో రోజునే తీయించారు. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద 14 రోజులు కర్రలు ఉంచాలని కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 456 చెబుతుంది, ఆ హాలు ఆరు మీటర్లు. స్లాబు పైన దారం లాగి చూస్తే నడుమ కుంగి, బొటనవేలు దూరేంత సందు! ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెబితే తిట్లు, చెప్పకపోతే కూలి" అన్నాడు మేస్త్రీ. అంతా పగలగొట్టి మళ్లీ పోశారు. రెండు రోజులు ఆగనన్న మనిషి నెలకు పైగా ఆగవలసి వచ్చింది.

అందుచేత పొద్దున్నే మేస్త్రీని "ఎప్పటికవుతుంది?" అని కాక "ఇవాళ నీకేం అందలేదు?" అని అడుగు. స్లాబు పోసిన తేదీని పక్క గోడ మీద రంగుతో రాయించు. నీ సంతకం లేనిదే ఒక్క కర్ర కూడా కదలకూడదు. తప్పు చేసినవాణ్ని గదిలోకి పిలిచి మాట్లాడు, వాట్సాప్ గ్రూపులో మాత్రం తిట్టకు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడితే బోర్డు తిరగేసేదానివి, ఆ కోపం ఎక్కడికీ పోయి ఉండదని నాకు తెలుసు, తల్లీ.

సంక్రాంతికి పదిహేను రోజుల ముందే ఎవరు ఊరికి వెళ్తారో, ఎప్పుడు తిరిగి వస్తారో పేరుపేరునా రాసుకో. పాలమూరు వాళ్లయినా శ్రీకాకుళం వాళ్లయినా, తిరిగి రావాలని కూలి డబ్బు పట్టి ఉంచమని నీకు సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకు. బాకీ పూర్తిగా అందుకున్నవాడు తన తమ్ముణ్ని కూడా వెంటబెట్టుకొస్తాడు.

మొదటి స్లాబు పోసే ముందు రోజు, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోను చెయ్యి. కర్రల కింద నేల గట్టిగా ఉందో లేదో, వాటి అడుగున చెక్కలు వేశారో లేదో నువ్వే దిగి చూసి చెప్పాలి, సూపర్‌వైజరు చెప్పాడంటే ఒప్పుకోను.

ఇట్లు,
మీ పెదనాన్న